గృహవిజ్ఞానము: చాయ, పూలనీరు, వాని రుచి



కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల ఇండ్లలో చుట్టము గడప దాటగానే వినబడు మొదటి మాట "చాయ త్రాగుదురా?" అనునది. నిన్నమొన్నటివరకు ఆ మాటకు ఔననియో కాదనియో చెప్పిన చాలియుండెను. నేడు దానికి తోడుగా "ఏ చాయ?" అను రెండవ ప్రశ్న పుట్టినది. మందారపు చాయ, నిమ్మగడ్డి చాయ, తులసి చాయ, నీలిరంగు శంఖుపూల చాయ అని వ్రాసిన రంగురంగుల పెట్టెలు అంగళ్లలో వరుసలు దీరియున్నవి. జగిత్యాల, సిరిసిల్ల వైపులనుండి గల్ఫు దేశములకు పనికి బోయిన పెనిమిటులు, అన్నదమ్ములు సెలవులకు వచ్చునపుడు ఇట్టి పొట్లములను పెట్టెలో పెట్టుకొని వచ్చుచున్నారు. వీనిలో రుచిగలది యేది, మేలు చేయునది యేది, వెలయే గాని విలువ లేనిది యేది అను సంగతిని ఈ మాసము విచారింతము.

మొదట మాట సంగతి. మనవైపు చాయ యందుము; కోస్తా జిల్లాలవారు టీ యందురు. రెండును చీనా దేశపు మాటలే. ఆ దేశమున పెక్కుచోట్ల ఈ యాకును "చా" యని పిలుతురు. అది భూమార్గమున పారశీకము మీదుగా హిందూస్థానమునకు వచ్చి చాయ్ అయినది. చీనా ఆగ్నేయపు రేవులలో దానినే "తే" యని పలుకుదురు. డచ్చి వర్తకులు ఆ పలుకును ఓడలపై ఐరోపాకు గొనిపోగా అది టీ యైనది. తేయాకు, తేనీరు అను మాటలలోని "తే" యిదియే గాని తేనెకును దీనికిని సంబంధము లేదు. కావున ఒకే వస్తువునకు నేలదారిని వచ్చిన పేరు మనకు దక్కినది, నీటిదారిని వచ్చిన పేరు మన తోబుట్టువులకు దక్కినది.

అస్సాములో తేయాకు చెట్టు అడవియందు పెరుగుచున్న సంగతి 1823లో ఆంగ్లేయుల కెరుకపడెను. 1839లో అస్సాము తేయాకు లండనులో మొదటిసారి వేలమునకు వచ్చెను. అయినను ఆ కాలమున మన దేశస్థులు దానిని త్రాగు వాడుక మిక్కిలి తక్కువ. ఎగుమతియగు తేయాకుపై పన్ను విధించి, ఆ సొమ్ముతో త్రాగువారిని పెంచుటకై 1903లో ఒక చట్టమే చేయబడినది. అటుపిమ్మట 1930 ప్రాంతమున ఆకును నలిపి, చించి, ఉండలుగా చుట్టు యంత్రము వచ్చినది. దానివలన కొద్దిపాటి పొడితోనే చిక్కని రంగు దిగు చౌకయైన చాయపత్తి తయారైనది. నేడు మన గంజులలో పాలు, శక్కర, అల్లముతో కలిసి మరుగునది ముఖ్యముగా ఆ పత్తియే. తాతముత్తాతల నాటినుండి యున్నదని మనము తలచు చాయ అలవాటు, మన ప్రాంతమున తరముల లెక్కలో చూచిన మిక్కిలి పాతది కాదు.

ఏది చాయ, ఏది కాదు?

తేయాకు చెట్టు ఒక్కటే. నల్ల చాయ, పచ్చ చాయ, తెల్ల చాయ అనునవి ఆ యొక్క చెట్టు ఆకును వేర్వేరు విధముల ఆరబెట్టి, పులియబెట్టి, వేచుటవలన గలిగిన భేదములు. మల్లెచాయ యనునది తేయాకునకు పూలవాసన పట్టించుటయే. చీనావారు సాయంకాలము విచ్చబోవు మల్లెమొగ్గలను ఆకుతో పొరలు పొరలుగా పేర్చి, రాత్రి విచ్చిన పూలవాసన ఆకునకు ఎక్కిన తరువాత పూలను ఏరివేయుదురు. వేసవిలో మల్లెలు చవుకగా దొరకునపుడు మూతగల డబ్బాలో పలుచని గుడ్డ అడ్డముంచి మన ఇండ్లలోను దీనిని చేసికొనవచ్చును. మరునాడు పూలను తీసివేసి, ఆకు చెమ్మగిల్లియున్న నీడను ఆరనిచ్చినపిమ్మట దాచవలెను. లేనిచో బూజు పట్టును.

తులసి, నిమ్మగడ్డి, పుదీన, మందారము మున్నగువానిలో తేయాకు లేదు. వీనిని పాశ్చాత్యులు టిసాన్ అందురు. యవల గంజికి గ్రీకులు పెట్టిన పేరు క్రమముగా ఇట్లు మారినది. మనకు కషాయమను చక్కని మాట యుండనే యున్నది. తేయాకు లేనిదానికి చాయ యని పేరుపెట్టి అమ్మరాదని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2025 సంవత్సరాంతమున స్పష్టపరచినది. కావున పెట్టెమీది పేరును గాక, లోనున్న వస్తువుల పట్టికను చదివి కొనుట గృహిణికి యుక్తము.

రుచి చూచు విధము

తేయాకు పరీక్షకులకు ఒక పద్ధతి కలదు. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, సలసల కాగిన నీరు, 6 నిమిషముల కాలము. ఇది 1980లో అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడినది. ఈ కొలతతో దిగు నీరు మనకు మిక్కిలి చిక్కన. వారి యుద్దేశము హాయిగా త్రాగుట కాదు, దోషము కనిపెట్టుట. మనము దానిలో సగము ఆకు వేసికొన్నను చాలును. కాని అన్ని గిన్నెలకును ఒకే కొలత, ఒకే కాలము పాటింపవలెను. లేనిచో ఏది ఆకు గుణమో, ఏది చేతివాటమో తెలియదు.

నాలుగు తెల్లని పింగాణి గిన్నెలు తీసికొనుడు. మొదటిదానిలో నిమ్మగడ్డి, రెండవదానిలో తులసి, మూడవదానిలో ఎండిన పుంటిపూలు, నాలుగవదానిలో పాలులేని చాయ. శక్కర దేనిలోను వలదు. తాంబూలము వేసికొన్న నోటితో గాని, తొక్కు తిన్న నోటితో గాని రుచి చూడరాదు. ముందు పొడి ఆకును, పిదప తడిసిన ఆకును వాసన చూడుడు. తరువాత చెంచాతో కొద్దిగా తీసికొని చప్పుడగునట్లు జుర్రవలెను. పెద్దల యెదుట ఇది మర్యాద గాకపోయినను పరీక్షకులందరు చేయునది యిదియే. గాలితో కలిసిన నీరు నాలుక యంతటను పరచుకొని, వాసన ముక్కు వెనుకకు ఎక్కును. ఒక్కొక్క గిన్నెకు నడుమ మంచినీళ్లతో నోరు పుక్కిలింపవలెను.

ఈ పనికి మన స్త్రీలకు వేరుగా చదువు అక్కరలేదు. ఉగాదినాడు పచ్చడిలో ఆరు రుచులను ఏరి చెప్పు నాలుక మనది. ఆ ఆరింటిలో వగరు ఒకటి. మామిడిపిందె కొరికినపుడు, పచ్చి తానికాయ నోట వేసికొన్నపుడు నాలుక మొద్దుబారి, చెంపలు లోనికి లాగుకొను ఆ గుణమే నల్ల చాయకు ప్రాణము. నాలుగవ గిన్నెలో అది మిక్కుటముగా తోచును. పాలు పోసినచో వగరు అణగిపోవును. అందుచేతనే చవుక పత్తికి పాలు, శక్కర ఎక్కువగా పట్టును. నిమ్మగడ్డిలో వగరు తక్కువ, పరిమళము మెండు. తులసిలో లవంగము వంటి ఘాటు కలదు. పుంటిపూల నీటిలో పులుపు ముందు నడచును, సన్నని వగరు వెనుక వచ్చును. ఈ వగరు అను మాటను గుర్తుంచుకొనుడు. ముందు దానితో పని యున్నది.

పెరటిలోని పరదేశి

ఇపుడు ఆ మూడవ గిన్నె సంగతి. మందారపు చాయ యను పేరుతో వచ్చు పెట్టెలను చూచి, పూజకు కోయు మందారమే దానిలో నున్నదని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. ఈజిప్టు, సూడాను దేశములలో కర్కదే యనియు, పడమటి ఆఫ్రికాలో బిస్సాప్ అనియు పిలుచు ఆ యెర్రని పానీయమునకు మూలము మన పుంటికూర జాతి మొక్కయే. కోస్తావారు దానిని గోంగూర యందురు, ఆదిలాబాదు సరిహద్దున మరాఠీ మాటలాడువారు అంబాడి యందురు. పుంటికూరలో రెండు జాతులు కలవు. ఒకటి ముఖ్యముగా గోగునారకు పేరొందినది, రెండవది కండగల ఎర్రని కాయలు కాయునది. పూవు రాలిన పిమ్మట కాయను చుట్టి దళసరిగా ఎదుగు ఎర్రని రేకులను వృక్షశాస్త్రజ్ఞులు రక్షకపత్రము లందురు. వానినే ఎండబెట్టి విదేశములనుండి పెట్టెలలో పంపుచున్నారు. చేనిగట్టున ఆకు కోసి పప్పులో వేసికొని, కాయలను విత్తనమునకు మాత్రము విడిచి, అదే వస్తువును అంగడిలో వెలపోసి కొనుచున్న ఇండ్లు మనలో లేకపోలేదు.

దీనిని ఇంట చేసికొను విధము సులభము. చలికాలమున కాయలు ఎర్రబడి, రేకులు కండపట్టియున్నపుడు కోయవలెను. లోపలి ఆకుపచ్చని గింజకాయను నెట్టివేసి, రేకులను కడిగి, పలుచని గుడ్డపై నీడను కరకరలాడువరకు ఎండింపవలెను. మూత గట్టిగా నుండు సీసాలో దాచిన చాలకాలము నిలుచును. గిలాసెడు నీటికి అయిదారు కాయల రేకులు చాలును. మరిగిన నీరు పోసి, మూతపెట్టి, అయిదు నిమిషములకు వడియగట్టవలెను. పులుపు వస్తువు గనుక అల్యూమినియము గంజును, కళాయి లేని ఇత్తడిని వాడరాదు. గాజు, పింగాణి, స్టీలు మంచివి. పాలు పోసినచో విరిగిపోవును. చిటికెడు వంటసోడా కలిపిన ఎర్రదనము నీలివైపు తిరుగును, నిమ్మరసము పిండిన మరల ఎర్రబడును. పిల్లలకు దీనిని చూపి నేర్పవచ్చును.

దీని గుణమును గూర్చి పరిశోధనయు జరిగినది. అమెరికాలో 2010లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, రక్తపుపోటు కొద్దిగా హెచ్చుగానున్న 65 మందిలో కొందరికి ఈ కషాయమును దినమునకు 3 గిన్నెల చొప్పున 6 వారములు ఇచ్చిరి. త్రాగినవారి పైపోటు సగటున 7 పాయింట్లు తగ్గెను. వేషపు పానీయము త్రాగినవారికి ఒక పాయింటు మాత్రమే తగ్గెను. ఇది మెచ్చదగినదే గాని మందునకు బదులు కాదు. పోటు తగ్గించు మాత్రలు వాడువారు వైద్యుని అడుగకుండ దినదినము త్రాగరాదు. గర్భిణులు మానుటయే క్షేమము.

తంగేడు, ఇప్ప

మన ప్రాంతపు పూలలో మరి రెండింటిని చెప్పవలసియున్నది. బతుకమ్మకు తలమానికమైన తంగేడుపూవు 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమైనది. సింహళ ద్వీపమున దీనిని రణవర యని పిలిచి, పూలను ఎండించి చాయవలె కాచి త్రాగుట బహుకాలపు వాడుక. తమిళ దేశమునను ఈ వాడుక కలదు. రుచికి లేతచేదు, సన్నని వగరు, ఎండుగడ్డి వాసన. చక్కెరవ్యాధికి మంచిదని దీనిని అమ్మువారు పలువురు. అయితే 1981లో సింహళ దేశపు పరిశోధకులు ప్రకటించిన వ్యాసములో, కాలేయమునకు హాని చేయగల కొన్ని క్షారపదార్థములు ఈ మొక్కలో నున్నట్లు తెలిపిరి. పండుగనాడు ఒక గిన్నె రుచి చూచుట వేరు, ఔషధమని యేడాది పొడుగున త్రాగుట వేరు. చక్కెరమాత్రలు వాడువారు తమంతట తాము దీనిని కలుపుకొనరాదు. బాటప్రక్కల దుమ్ము, పొగ పట్టిన పూలను అసలు ముట్టరాదు.

ఆదిలాబాదు అడవులలో ఎండలు ముదురుచుండగా ఇప్పపూవు రాత్రివేళ రాలును. గోండు, కోలాము స్త్రీలు తెల్లవారకముందే బుట్టలతో వెళ్లి ఏరుదురు. దానిని సారాకే పనికివచ్చునని తలచుట అన్యాయము. ఎండిన పూవులో సగమునకు మించి చక్కెరయే యుండును. నాలుగు పూలను కడిగి, అల్లపుముక్కతో వేడినీట నానవేసినచో ఎండుద్రాక్ష వాసనగల తీయని నీరు దిగును, శక్కర వేయనక్కరలేదు. ఉట్నూరు ప్రాంతపు ఆదివాసీ స్త్రీలు సంఘముగా గూడి ఇప్పపూవుతో లడ్డులు చేయుచు జీవనము గడపుచున్నారు. ఆదిలాబాదు సోదరీమణులు ఇప్పపూవుతో చేయుచున్న వంటకములను ప్రధానమంత్రి 2025 మార్చి నెల రేడియో ప్రసంగమున పేర్కొనిరి. వెల పెట్టి కొనదలచినచో ఇట్టివారి వస్తువును కొనుట, పైసను మన జిల్లాలోనే నిలుపుట యగును.

వగరునకును రక్తమునకును గల పొత్తు

ఇక ముఖ్యమైన సంగతి. చాయలో వగరు కలిగించు పదార్థములు నోటియందు ఉమ్మిని పట్టుకొనును. అందుచేతనే నాలుక మొద్దుబారును. ఆ జాతి పదార్థములే కడుపులో అన్నముతో వచ్చిన ఇనుమును పట్టుకొని, రక్తమున కలియనీయవు. మాంసమునందలి ఇనుమునకంటె పప్పు, ఆకుకూర, జొన్నలనుండి వచ్చు ఇనుమునకు ఈ బాధ యెక్కువ. మన ఇండ్లలో ఇనుమునకు ఆధారము ముఖ్యముగా ఇవియే.

1999లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో రొట్టెతోబాటు వేర్వేరు పానీయములను త్రాగించి చూచిరి. నల్ల చాయ త్రాగినపుడు ఇనుము ఒంటబట్టుట నూటికి 79 మొదలు 94 పాళ్లవరకు తగ్గెను. పాలు కలిపినను ఇంచుమించు అంతే. పుదీన జాతి కషాయము 84 పాళ్లు తగ్గించెను. చామంతి జాతి కషాయము సయితము 47 పాళ్లు తగ్గించెను. దీనివలన రెండు భ్రమలు తొలగవలెను. పాలు పోసిన చాయలో దోషము లేదనుట ఒకటి. ఆకుకషాయమైన ఎపుడైనను త్రాగవచ్చుననుట రెండవది. పుదీన నాలుకకు చల్లన, వగరు అంతగా తోచదు. అయినను చాయతో సమానముగా అడ్డుపడినది. నాలుక మంచి న్యాయాధిపతియే గాని అన్ని వ్యాజ్యెములును దానికి తెలియవు.

ఈ మాట మనకేల యనరాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో నున్నట్లు తేలినది. అనగా ఇద్దరు స్త్రీలు కూర్చుండి మాటలాడుచున్న అరుగుపై వారిలో ఒకరికైనను ఈ కొరత యుండుటకు అవకాశము మెండు. బీడీలు చుట్టుచు ఆకలి చంపుకొనుటకు చాయ త్రాగువారు, అందరికి వడ్డించి తుదకు మిగిలినది తిని వెంటనే గిలాస పట్టుకొనువారు, ఉదయము రొట్టెను చాయలో ముంచి తినువారు మనలో నెందరో! తిన్న కొద్దిపాటి ఇనుమును గూడ ఆ గిలాసలో కరగనిచ్చుట తగునా?

తేయాకుతోటలకు నెలవైన కూనూరులో 1918లో పుట్టి, పిదప హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో ఈ సంగతినే చెప్పినది. భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట తరువాతను చాయ, కాఫీలు త్రాగరాదు. దినమునకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీను పనికిరాదు. ఒక గిన్నె చాయలో 30 మొదలు 65 మిల్లీగ్రాములుండును.

కావున ఇంట ఈ యేర్పాటు చేసికొనుడు. ఉదయము లేవగానే చాయ త్రాగినచో గంట గడచిన పిదప అల్పాహారము తినుడు. మధ్యాహ్న భోజనమున పుంటికూర పప్పో, పెసరపప్పో యున్నపుడు ప్రక్కన నిమ్మచెక్కయో ఉసిరికాయయో యుంచుడు. పులుపులోని సి విటమిను ఇనుమును ఒంటబట్టించును. భోజనము ముగియగానే చాయ వలదు. సాయంకాలము మూడు నాలుగు గంటలకు త్రాగుడు. వైద్యశాలలో ఇచ్చు ఇనుపమాత్రలను చాయతో మ్రింగరాదు. చంటిపిల్లలకు చాయ చుక్కయైన పట్టరాదు. అత్తగారికి, కోడలికి, పనిమనిషికి ఈ నియమము సమానమే. ఆమెకు అన్నము పెట్టక చాయ మాత్రమిచ్చి పంపుట ఆదరణ యనిపించుకొనదు.

కొనునపుడు చూడవలసినవి

విడిగా అమ్ము చాయపత్తిలో రంగు కలుపు మోసము కలదు. తెల్లని వడపోత కాగితముపై కొంచెము పత్తి చల్లి నీరు చిలుకరించి, పిదప పత్తిని కడిగివేసి కాగితమును వెలుతురున చూడుడు. రంగు మరకలు గాఢముగా నిలిచిన అది కల్తీ. అయస్కాంతమును పత్తిపై త్రిప్పినచో ఇనుపరజను ఉన్నయెడల అంటుకొనివచ్చును. ఒళ్లు తగ్గించునని చెప్పు కషాయముల పట్టికలో సునాముఖి పేరున్నదేమో చూడుడు. అది విరేచనకారి, తరుగునది నీరే గాని క్రొవ్వు కాదు. అతిమధురము పేరున్నచో రక్తపుపోటుగలవారు దానిని మానవలెను. తీపిగా నుండుటచేత మోసపోరాదు.

చాయను మానుడని నేను చెప్పుట లేదు. అలసిన యొడలికి అది ఇచ్చు ఊరటయు, ఇరుగుపొరుగును దగ్గరచేయు గుణమును నే నెరుగుదును. త్రాగు వేళను మార్చుకొనుడనియే నా మనవి. ఈ చలికాలము పుంటికాయలు ఎర్రబడినపుడు రెండు దోసిళ్ల రేకులు ఎండించి దాచుడు. నాలుగు గిన్నెలు పేర్చి ఇంటివారందరిచేత రుచి చూపింపుడు. ఎవరికేది నచ్చినదో వారినే చెప్పనిండు. అటుపిమ్మట గడియారమును చూచి త్రాగుడు. దీనికి వెచ్చమేమియు లేదు, ఒక గంట ఓర్పు మాత్రము కావలెను.